నలుగురికి మించరాదు

మా వదినకు అక్షరం కనిపిస్తే అర్థం కనిపించదు. మరిదిని కదా అని వేళాకోళానికి అంటున్న మాట కాదు, ఆవిడ ఉద్యోగమే అది. ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. బడిపుస్తకాలు, రసీదు పుస్తకాలు, మందు సీసాలతో పాటు మడిచిపెట్టే సన్నక్షరాల కాగితాలు, ఏవైనా సరే అచ్చుకు వెళ్లేముందు ఆవిడ ఎర్ర పెన్ను కింద నుంచి వెళ్లాల్సిందే. పేజీని చివరి వాక్యం దగ్గర మొదలుపెట్టి పైకి చదువుకుంటూ వస్తుంది. మొదటి నుంచి చదివితే కథలో పడిపోతామట, కథలో పడితే కన్ను తప్పు మీద నుంచి జారిపోతుందట. అలా పన్నెండేళ్లు చదివీ చదివీ, ఏ కాగితం చేతికిచ్చినా అందులో ఎన్ని తప్పులున్నాయో చెబుతుంది గాని ఏముందో చెప్పలేదు. ఒకసారి మా అన్నయ్య అలిగి, ఉత్తరం రాసి బల్ల మీద పెట్టి, స్నేహితుడింటికి వెళ్లిపోయాడు. ఎవరూ వెతుక్కుంటూ రాకపోయేసరికి సాయంత్రానికి తనే తిరిగొచ్చాడు. ఉత్తరం బల్ల మీదే ఉంది, చక్కగా దిద్ది. ఆయన అలిగిన సంగతి మాత్రం వదినకు ఈనాటికీ తెలియదు.

ఆ ప్రెస్సు ఉన్నట్టుండి ఊరు మారింది. యజమాని పెద్ద ఊళ్లో పెద్ద మిషన్లు కొన్నాడు. వచ్చేవాళ్లకు ఉద్యోగం, రానివాళ్లకు ఒక దణ్ణం అన్నాడు. ఇంట్లో నెల తిరిగేసరికి నికరంగా చేతికొచ్చేది వదిన జీతమే. అన్నయ్య కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. మిషన్లు ఎక్కడైనా చెడిపోతాయి కాబట్టి ఆయనకు ఏ ఊరైనా ఒకటే. పెద్దది ఆరో తరగతి, చిన్నాడు మూడు. ఐదో మనిషి మా అమ్మ.

నేను ఆ పెద్ద ఊళ్లోనే మోటారు విడిభాగాల కొట్లో గుమాస్తాని. నాకున్నది ఒక గది, ఒక మంచం, ఒక పాత స్కూటరు. స్కూటరు ఉండడమే నేను చేసిన తప్పు. వదిన ముందుగా ఒక్కతే వచ్చి, ఆడవాళ్ల హాస్టల్లో దిగి, ఉద్యోగంలో చేరిన రోజు సాయంత్రమే మా కొట్టుకు వచ్చింది.

"ఆదివారాలు నీకేం పనుంటుంది?" అంది.

"బోలెడు" అన్నాను.

"నిద్రపోవడం పనికాదు. ఇల్లు వెతుకుదాం, నువ్వు బండి తీసుకురా."

వ్యవధి నెల రోజులు. ఆ తర్వాత అక్కడి ఇల్లు ఖాళీ చేయాలి, పిల్లలకు ఇక్కడ బళ్లు తెరుస్తారు. ఆవిడ ఒక చీటీ మీద ఇంతకు మించి అద్దె కట్టలేం అని ఒక అంకె వేసుకుని, మడిచి, కళ్లద్దాల పెట్టెలో పెట్టుకుంది. ఆ అంకెకు ఈ ఊళ్లో ఒక గది దొరుకుతుంది. ఒక గదయితే నలుగురు ఎలాగో సర్దుకోవచ్చు, ఐదో మనిషికి చోటుండదు. అందుకని అన్నయ్య అప్పుడే ఒక మాట అనేశాడట, అమ్మను కొన్నాళ్లు అక్క దగ్గర ఉంచుదామని. మా ఇంట్లో 'కొన్నాళ్లు' అన్న మాటను నమ్మడానికి లేదు. అక్క ఇంటికి కొన్నాళ్లకని పంపిన మా కుట్టుమిషను వెళ్లి తొమ్మిదేళ్లయింది.

వదినకూ అమ్మకూ పడదని చెప్పడానికి లేదు, పడుతుందని చెప్పడానికీ లేదు. పొద్దున లేస్తూనే గిన్నెల దగ్గర మొదలయ్యేది వాళ్ల వాదన, మధ్యాహ్నానికి కిటికీ తలుపుల దాకా వచ్చేది. అందుకే అడిగాను, అమ్మ అక్క దగ్గరుంటే నీ ప్రాణానికి హాయి కదా అని.

"మీ అమ్మ లేకపోతే నేనెవరితో పోట్లాడాలి? మీ అన్నయ్యతోనా? ఆయన రెండో మాటకే ఒప్పేసుకుంటాడు" అంది. స్కూటరు వెనక కూర్చుని కాసేపటికి మళ్లీ తనే అంది. "ఆఫీసు నుంచి వచ్చి తాళం తీసుకుని ఇంట్లోకి వెళ్లడం నాకు అలవాటు లేదు. పెళ్లయిన నాటి నుంచీ తలుపు ఆవిడే తీసింది. నాకు ఆవిడ కావాలి."

నేను గేరు మార్చాను.

మాకు ఒక బ్రోకరు దొరికాడు. వదిన చీటీ విప్పి అంకె చూపిస్తే, కళ్లు చిట్లించి చూసి, "రోజుకా అండీ?" అని అడిగాడు. నెలకని చెబితే పెద్దగా నిట్టూర్చి, అయినా పదండి అన్నాడు. కూతవేటు దూరం అని ఆయన తీసుకెళ్లిన ఇంటికి చేరేసరికి నా బండిలో పెట్రోలు అయిపోయింది. ఎవడు కూస్తే అంత దూరం వినపడుతుందో నాకు తెలియదు.

ఇళ్లను వదిన లోపలికి వెళ్లి చూసేది కాదు, బయట బోర్డు చూసేది. ఆవిడకు ఒక సిద్ధాంతం ఉంది. బోర్డులో ఏది లోపిస్తే ఇంట్లోనూ అదే లోపిస్తుందట. మొదటి ఇంటి ముందు 'విశలమైన మూడు గదులు' అని రాసి ఉంది. "విశాలానికి దీర్ఘం పీకేశారు, లోపల ఇరుకుగా ఉంటుంది" అంది. ఉంది. మొదటి గది ఫరవాలేదు. రెండో గదిలో మంచం వేస్తే తలుపు తెరుచుకోదు, తలుపు తెరిస్తే మంచం పట్టదు. మూడో గది మెట్ల కింద ఖాళీ, అందులో ఇంటివాళ్ల విరిగిన సైకిలు కాపురం ఉంటోంది. "పిల్లలు పడుకోవడానికి బాగుంటుందండీ, పొడుగు పెరగనంత వరకు" అన్నాడు బ్రోకరు.

రెండో ఇంటి మీద 'నీటి వసంతి కలదు' అని ఉంది. మధ్యలో ఆ సున్న ఎక్కువైందని, ఆ సున్న నీళ్లదేనని వదిన గేటు దగ్గరే తేల్చేసింది. లోపల కుళాయి తిప్పితే గొంతు సవరించుకుంది గాని నీళ్లు రాలేదు.

"పొద్దున నాలుగింటికి వస్తాయమ్మా" అంది ఇంటావిడ.

"ఏ రోజు?" అని అడిగింది వదిన.

ఇంకో చోట 'ఇళ్లు అద్దెకు' అని ఉంటే నాకు ఆశ పుట్టింది, ఒకటికి నాలుగు చూడొచ్చని. అది పిండిమర మీద ఒక్క వాటా. మేం లోపలుండగానే కింద మర వేశారు. కిటికీలు గడగడలాడాయి, బ్రోకరు ఆ ఇంటి గొప్పదనం చెబుతుంటే ఆయన గొంతు కూడా వణికింది. ఇక్కడుంటే చిన్నపిల్లలకు ఉయ్యాల అక్కర్లేదన్నాను. వదిన నవ్వలేదు, ఎర్ర పెన్ను తీసి బోర్డు మీద 'ళ్లు' కొట్టేసి 'ల్లు' అని దిద్దింది. ఇంటాయన వెంటపడితే స్కూటరు తోసుకుంటూ పరుగెత్తింది నేను.

నాలుగోది మంచి ఇల్లు. గాలీ వెలుతురూ ఉన్నాయి, వంటింట్లో అరలున్నాయి, అద్దె కూడా చీటీ మీది అంకెకు జానెడు దూరంలోనే ఉంది. ఇంటావిడ ఎంతమంది అని అడిగింది. ఐదుగురమని చెబితే అందరి వయసులూ అడిగింది.

"పెద్దావిడ ఉందా? పెద్దవాళ్లంటే దగ్గులు, మందులు, పిలుపులు. మాకు నిశ్శబ్దం అలవాటండీ. ఆవిడ లేకపోతే చెప్పండి, రేపే తాళం ఇస్తాను."

వదిన బోర్డు వంక కూడా చూడకుండా వచ్చేసింది. దారంతా మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోతే నాకు బండి తిన్నగా నడవదు.

నాలుగో ఆదివారానికి మాకు కాళ్లరిగాయి, బండికి టైరు అరిగింది. ఆ రోజు బ్రోకరు రాలేదు. మేమే ఒక సందులోంచి అడ్డంగా వెళ్తుంటే వదిన నా భుజం మీద కొట్టి ఆపమంది. ఒక చిన్న మేడ, కింద వాటా ఖాళీగా ఉంది. బోర్డు మీద ఇలా ఉంది: 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును. రెండు గదులు, వంటిల్లు. చిన్నదే గాని వెలుతురు ఉంది.'

వదిన పెన్ను తీసింది. కింది నుంచి పైకి చదివింది. మళ్లీ చదివింది. పెన్ను మూత పెట్టేసుకుని, "ఒక్కటీ లేదు" అంది, పర్సు పారేసుకున్నట్టుగా.

ఇంటాయన ఒక పెద్ద ఆఫీసు భవనంలో ముప్పై ఒక్క ఏళ్లు లిఫ్టు నడిపి మానేసినాయన. పైవాటాలో ఒక్కడే ఉంటాడు. మేం పిలిస్తే కిందికి దిగి, తలుపు తీసి పక్కకు జరిగి, చెయ్యి లోపలికి చూపించి, "రండి, లోపలికి జరగండి, వెనకవాళ్లకు చోటివ్వండి" అన్నాడు. వెనక ఎవరూ లేరు. గదులు నిజంగానే చిన్నవి. కాని రెండో గదిలో గోడ వెంట ఒక మంచం, కింద ఒక పరుపు పడతాయి, ముందు గదిలో కిటికీ పక్కన ఇంకో మంచం పడుతుంది. ఆ కిటికీ దగ్గర వదిన చాలాసేపు నిలబడింది. అక్కడి నుంచి వీధి గేటు కనిపిస్తుంది. "అత్తయ్య మంచం ఇక్కడ వేద్దాం, ఎవరొచ్చేదీ ఎవరు వెళ్లేదీ చూసుకోవచ్చు" అంది నాతో మెల్లగా. అద్దె చీటీలో అంకె కన్నా కాస్త తక్కువే. నాకు అనుమానం వచ్చి గోడలు తట్టి చూశాను, గట్టిగానే ఉన్నాయి.

ఒప్పంద కాగితాలు రెండు, ఒకటి షరతులది, రెండోది ఇంట్లో ఉండేవాళ్ల పేర్లది. బోర్డంటే పెయింటరు రాసింది, కాగితాలు మాత్రం లిఫ్టాయన స్వహస్తం. రాత గుండ్రంగా ఉంది, తప్పులు కోకొల్లలు. వదిన మొహం వెలిగిపోయింది. మెట్టు మీద కూర్చుని, మొదటి కాగితాన్ని చివరి షరతు నుంచి పైకి చదువుకుంటూ వెళ్లింది. ఇరవై మూడు తప్పులు తేలాయి. లిఫ్టాయన నొచ్చుకోలేదు. "నా రాత ఇంత శ్రద్ధగా చదివినవాళ్లు లేరమ్మా" అని, పక్కనే కూర్చుని దిద్దిన ప్రకారం దాన్నే రెండు ప్రతులు శుభ్రంగా తిరగరాశాడు. అంతలో చినుకులు మొదలయ్యాయి. నేను బయట తడుస్తూ హారన్ కొడుతుంటే, వదిన రెండో కాగితాన్ని గోడకు ఆనించి, అందులో కుటుంబ సభ్యుల పేర్లు గబగబా నింపేసి, రెండింటి మీదా సంతకం పెట్టి పరుగెత్తుకొచ్చింది. మొదటి కాగితం ప్రతి ఒకటి మాకిచ్చాడు, రెండో కాగితం ఆయన దగ్గరే ఉంది.

నెలాఖరుకు లారీలో సామానూ, బస్సులో మనుషులూ దిగారు. సామాను సర్దుతూ సర్దుతూ అన్నయ్య ఆ కాగితం తీశాడు. ఆయన ఏ కాగితమైనా అందరికీ వినపడేలా చదువుతాడు. అద్దె ఏ తారీఖున కట్టాలో, మేకులు ఎక్కడ కొట్టకూడదో చదివి, ఆరో షరతు దగ్గరకొచ్చాడు. "ఇంటిలో నలుగురికి మించి కాపురం ఉండరాదు. మించినచో ఇల్లు ఖాళీ చేయవలెను, అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు. చుట్టములు వచ్చి పోవచ్చును."

అమ్మ పరుపుచుట్ట మీద కూర్చుని ఉంది. చిన్నాడు వేళ్లు మడిచి లెక్కపెడుతుంటే పెద్దది వాడి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ ముక్క నేను చూశాను" అంది వదిన. "'నాలుగురు' అని రాశారు. దీర్ఘం నేనే తీశాను."

"దీర్ఘం తియ్యడానికి సరిగ్గా అక్కడే వేలు పెట్టావు. పెట్టీ అందులో ఏముందో చూడలేదు" అంది అమ్మ.

"చూడలేదు అత్తయ్యా. నిజంగా చూడలేదు. నేను వెనక నుంచి చదివాను."

"కామా జారితే పట్టుకునేదానివి, అత్తగారు జారిపోతుంటే కనపడలేదంటే నమ్మమంటావా?"

"రెండో కాగితంలో అందరి పేర్లూ రాశాను. మీ పేరు కూడా రాశాను."

"ఏదీ ఆ కాగితం?"

అది పైన ఉంది. అడిగితే లిఫ్టాయన తీసి చూస్తాడు, చూస్తే ఐదు పేర్లు కనిపిస్తాయి, కనిపిస్తే ఇల్లు ఖాళీ. ఇప్పటిదాకా చూసినట్టు లేదు, చూడకుండా ఉంటే అదే పదివేలు. మర్నాడు నేను అన్నయ్యవాళ్ల గుమ్మంలో బల్బు బిగిస్తుండగా వెనక చిన్న వాటా కోసం ఎవరో వచ్చారు. ఎంతమందని అడిగి, ఐదుగురని చెప్పగానే లిఫ్టాయన తలుపు సగం మూసి, "నలుగురంటే నలుగురే" అన్నాడు. నా చేతిలో బల్బు జారినంత పనైంది. ఇక ఆ కాగితం మాట ఎత్తడానికి ఎవరికీ గుండె చాలలేదు.

మా అమ్మకు కోపమొస్తే తిడుతుంది. బాధ కలిగితే మర్యాదగా మాట్లాడుతుంది. ఆ రోజు నుంచి వదినను 'మీరు' అనడం మొదలుపెట్టింది.

"మీరేం కంగారు పడకండమ్మాయిగారూ. చుట్టములు వచ్చి పోవచ్చును అని ఉంది కదా. నేను చుట్టాన్ని. వస్తాను, పోతాను."

అన్నంత పనీ చేసింది. ప్రతి శనివారం సాయంత్రం సంచీ పట్టుకుని, గేటు దగ్గర "వెళ్లొస్తానర్రా, ఉత్తరాలు రాస్తూ ఉండండి" అని వీధి చివరి దాకా వినపడేలా చెప్పి, నేరుగా నా గదికి వచ్చేది. సోమవారం పొద్దున తిరిగి వెళ్లి, అదే గేటు దగ్గర "అందరూ కులాసానా? పిల్లలెంత ఎదిగిపోయారు" అనేది. రెండు రోజుల్లో వాళ్లు ఏం ఎదుగుతారో ఆవిడకే తెలియాలి. వదిన ఎదురెళ్లి సంచీ అందుకోవాలి. లిఫ్టాయన పైన పిట్టగోడ మీద మోచేతులానించి ఇదంతా చూసేవాడు. నా సంగతి చెప్పక్కర్లేదు. మంచం అమ్మకిచ్చి నేను నేల మీద పడుకున్నాను. మూడో శనివారం నా గదిలో దొరికిన ఒక తలపిన్ను గురించి ఆవిడ అడిగిన ప్రశ్నలు ఈ కథకు అనవసరం.

చుట్టానికి మర్యాదలుంటాయి. టీ కప్పు సాసరులో పెట్టి అందించాలి. వంటింట్లోకి రానివ్వకూడదు. అంతకు ముందు ఏ గిన్నె ఎక్కడుండాలో శాసించిన మనిషి, ఇప్పుడు కిటికీ పక్క మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, "చుట్టం వంటింట్లో కనపడితే పైనాయనకు అనుమానం రాదూ?" అనేది. వదిన ఆఫీసు నుంచి వచ్చి వంట చేసి, పిల్లల్ని చదివించి, మళ్లీ గిన్నెలు తోమేది. అన్నయ్య సాయం చేయబోతే కప్పు పగిలేది. ఏం పెట్టినా అమ్మ వంక పెట్టలేదు. "చాలా బాగుందండీ, మీ చేతి వంట తినడం మా అదృష్టం" అనేది. పెద్దది పక్క గదిలోకి పరుగెత్తి దిండులో మొహం పెట్టుకుని నవ్వేది.

మాకు నవ్వుగా ఉండేది. వదినకు కాదు. ఒక మధ్యాహ్నం అన్నం బాక్సు పట్టుకుని మా కొట్టుకు వచ్చింది. బ్రేకు తీగల కట్టల మధ్య స్టూలు మీద కూర్చుని మూత కూడా తియ్యలేదు.

"ఇల్లు దొరికింది, మనిషి దొరకలేదు" అంది. "కావాలనే పెట్టానని అనుకుంటోంది. నన్ను తిట్టమను. 'నువ్వు' అని పిలిచి, ఇష్టం వచ్చినట్టు తిట్టమను, చాలు."

మంచినీళ్లిచ్చాను.

ఏడో వారం అక్క దగ్గర నుంచి ఫోను వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ఆ శనివారం అమ్మ నా గదికి రాలేదు, ఆదివారం పొద్దున అన్నయ్య నన్ను రమ్మని కబురు పెడితే వెళ్లాను. అమ్మ సంచీతో పాటు పెట్టె కూడా సర్దుకుని ఉంది. ఎంత చుట్టమైనా ఏడు వారాలు ఎక్కువేనని, అక్క దగ్గర కొన్నాళ్లు ఉంటానని, బస్సు టిక్కెట్టు కూడా తీసుకున్నానని చెప్పింది. కొన్నాళ్లు అనగానే చిన్నాడు కూడా ఏడుపు మొహం పెట్టాడు. వదిన తలుపుకు ఆనుకుని నిలబడింది. అన్నయ్య నీళ్లు నములుతున్నాడు. ఆ టిక్కెట్టు చించేద్దామన్నంత కోపం వచ్చింది నాకు, అది ఎక్కడ పెట్టిందో తెలిస్తే గదా.

"పైనాయనకు చెప్పి వెళ్లడం మర్యాద" అని అమ్మ మెట్లెక్కింది. మేమందరం వెనక ఎక్కాం. లిఫ్టాయన తలుపు తీసి, అలవాటు ప్రకారం పక్కకు జరిగి చెయ్యి చూపించాడు.

"వెళ్లొస్తాను అన్నయ్యగారూ. చుట్టపు చూపుగా వచ్చి ఇన్నాళ్లుండిపోయాను, ఏమీ అనుకోకండి."

"చుట్టపు చూపేమిటమ్మా? కాగితంలో మొదటి పేరే మీది కదా" అన్నాడు ఆయన.

ఆయన లోపలికి వెళ్లి రేకు పెట్టెలోంచి రెండో కాగితం తీసుకొచ్చాడు.

"నేనూ అనుకుంటూనే ఉన్నాను" అన్నాడు కళ్లద్దాలు తుడుచుకుంటూ. "ఈవిడ ప్రతి శనివారం సంచీ పట్టుకుని ఎక్కడికి వెళ్తుంది, సోమవారం వచ్చి సొంత ఇంటివాళ్లను అంత గట్టిగా కులాసా ఎందుకడుగుతుంది అని. మతిమరుపు కాబోలని జాలిపడ్డాను. పెద్దవయసు, అడిగితే బాగుండదని ఊరుకున్నాను."

ఏడు వారాలు అంత బాగా నటించిన మా అమ్మ మొహం చూడాలి అప్పుడు.

కాగితం మీద ఆయనే స్కేలుతో గీసిన గీతలు నాలుగు. పక్కన ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు. వాటి మీద వదిన చేతిరాత, పేరు, పేరు పక్కన వరస. మొదటి గీత మీద అత్తగారు. రెండో దాని మీద భర్త. మూడు కూతురు, నాలుగు కొడుకు. అంతే, గీతలు అయిపోయాయి.

అన్నయ్య వేళ్లు మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. "ఏమే, నువ్వెక్కడ?"

వదిన కాగితం అందుకుని, అలవాటు కొద్దీ కింది నుంచి పైకి చదివింది. "తప్పులేమీ లేవే" అంది ముందు. తర్వాత, "నేను లేను" అంది. ఇంకాసేపు చూసి, "సంతకం దగ్గరున్నాను" అంది.

"అదే కదమ్మా లెక్క" అన్నాడు లిఫ్టాయన, మేమెందుకు నోళ్లు వెళ్లబెట్టామో అర్థం కాక. "మా లిఫ్టులో కూడా పలక మీద 'నలుగురికి మించరాదు' అని ఉండేది. ఒకసారి నేను వద్దంటున్నా ఐదో ఆయన ఎక్కాడు. రెండు అంతస్తుల మధ్య మూడు గంటలు వేలాడాం. అప్పటి నుంచి ఐదంటే నాకు పడదు. రోజంతా నలుగురేసి ఎక్కేవారు, నలుగురేసి దిగేవారు. నాతో కలిపితే ఐదుగురమే. కాని నన్ను ఎవరూ కలపలేదు. నడిపేవాణ్ణి లెక్కపెట్టరు. ఈ కాగితం చూడగానే అనుకున్నాను, ఎక్కేవాళ్లు నలుగురు, సంతకం పెట్టినావిడ నడిపే మనిషి. సరిపోయింది."

"మరి వెనక వాటా కోసం వచ్చినవాళ్లను పంపేశారేం?" అని అడిగాను.

"వాళ్లు ఐదుగురూ ఎక్కేవాళ్లే బాబూ. నడిపే మనిషి ఎవరూ కనపడలేదు."

అమ్మ ఆ కాగితం తీసుకుంది. అందరూ చదివినట్టే పై నుంచి కిందికి చదివింది. నాలుగు వరసలే కదా, అయినా చాలాసేపు పట్టింది. నాలుగో గీత కింద ఖాళీ మీద వేలు పెట్టి, ఒకసారి వదిన వంక చూసి, కాగితం లిఫ్టాయనకు ఇచ్చేసింది. మెట్లు దిగింది. పెట్టెను కాలితో మంచం కిందికి తోసి, ఏడు వారాల తర్వాత మొదటిసారి వంటింట్లోకి వెళ్లింది. మేం ముందు గదిలోనే నిలబడిపోయాం, వదిన వంటింటి గుమ్మం దగ్గర. లోపల డబ్బాలు తీసి పెడుతున్న చప్పుడు వినిపించింది.

"టీపొడి పక్కన ఉప్పు పెట్టింది ఎవరు? బుద్ధుండే పెట్టావా?" అంది అమ్మ.

"నేనే అత్తయ్యా."

"తెలుస్తూనే ఉంది. వెళ్లి కూర్చో, కాళ్లకడ్డం."

వదిన కదల్లేదు. నీళ్లు కాగి, టీ పొంగే దాకా వచ్చాక అమ్మ చెంచా పట్టుకుని ఆగిపోయింది.

"నువ్వు చక్కెర ఎంత వేసుకుంటావే?"

"ఒకటిన్నర."

"పన్నెండేళ్ల నుంచి ఒకే ఇంట్లో ఉన్నాం, ఎప్పుడైనా చెప్పావా నాకు?"

"మీరు ఎప్పుడూ అడగలేదు" అంది వదిన. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అమ్మ చక్కెర డబ్బా దగ్గరకు లాక్కుంది.

"ఇప్పుడడిగాను కదా" అని ఒకటిన్నర చెంచా వేసి, ఇంకో అర చెంచా కూడా వేసింది.